జీపు వెనక షాకబ్జర్లు: కొలిచి కొనడం, వరసగా మార్చడం

"వెనక షాకులు ఏ కంపెనీవి వేయించమంటారు?" అని అడిగే ప్రతివాళ్లనీ నేను ఎదురు అడిగేది ఒక్కటే: టేపు పెట్టి కొలిచారా? పదిమందిలో తొమ్మిదిమంది కొలవరు. డబ్బా మీద బండి పేరు చూసి కొనేస్తారు. బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే అదీ చాలు. కానీ అడవి బాట పట్టే జీపుల్లో అలా ఉండేవి తక్కువ. ఒకరు కమాను కట్టలో (లీఫ్ స్ప్రింగులో) ఒక పట్టీ చేర్పిస్తారు, ఇంకొకరు పెద్ద టైర్లు వేస్తారు, మరొకరు షాకిళ్లు (కమాను కొసను బండి చట్రానికి, అంటే ఛాసీకి, కలిపే లింకులు) మారుస్తారు. అప్పుడు డబ్బా మీద పేరు పనికిరాదు, మిల్లీమీటర్లే పనికొస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా వెనక హౌసింగు (వెనక చక్రాల ఇరుసు ఉండే ఇనుప గొట్టం) కమాను కట్టల మీద కూర్చున్న బండ్ల గురించి: జిప్సీ, బొలెరో, 2010 నుంచి 2020 వరకు వచ్చిన పాత థార్, అంతకు ముందరి మహీంద్రా ఎంఎం 540 తరహా జీపులు. జిమ్నీ, గూర్ఖా లాంటి కాయిల్ స్ప్రింగు బండ్లకు తేడా వచ్చే చోట విడిగా చెప్తాను.

## 1. పోయింది షాకేనా?

కారుకు చేసినట్టు వెనక మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరీక్షను కమాను బండి మీద నమ్మకండి. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ ఆ ఊపును అవే ఆపేస్తాయి. షాకు పూర్తిగా చచ్చిపోయినా బండి ఒక్క ఊపుకే నిలబడుతుంది. మీరు బాగుందనుకుంటారు.

ఇంతకంటే నమ్మదగ్గది వేడి పరీక్ష. గతుకుల మట్టిరోడ్డు మీద ఎనిమిది, పది కిలోమీటర్లు కాస్త వేగంగా నడిపి, ఆపిన వెంటనే రెండు షాకుల ఒంటి మీదా చెయ్యి పెట్టి చూడండి. కాలొచ్చు, ముందు వేలి వెనక వైపుతో తాకి చూడండి. ఊపును వేడిగా మార్చడమే షాకు చేసే పని. రెండూ ఇంచుమించు ఒకే వేడిగా ఉండాలి. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే ఆ చల్లటిది ఊరికే వేలాడుతోందన్నమాట.

కంటితో చూడాల్సినవి:

- షాకులోకి, బయటికి జరిగే రాడ్డు సీలు (నూనె కారకుండా ఆపే రబ్బరు) చుట్టూ పల్చటి నూనె తడి ఉంటే కంగారు లేదు. నూనె కిందికి కారి, దాని మీద మట్టి ముద్ద కట్టి ఉంటే మార్చాల్సిందే.
- రాడ్డు మీద గీతలు, తుప్పు చుక్కలు. ఇవి సీలును కోసేస్తాయి.
- షాకు ఒంటి మీద రాయి దెబ్బ, సొట్ట.
- చివరి రింగుల్లో బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) చిట్లడం, బోల్టు రంధ్రం కోలగా అవడం.
- టైరు గుండీలు ఒకటి ఎత్తు ఒకటి పల్లంగా అరగడం.

"లడక్ లడక్" శబ్దం వస్తే వెంటనే షాకు మీద నేరం మోపకండి. షాకిల్ బుష్‌లు అరిగినా, కమానును హౌసింగుకు బిగించే యూ బోల్టులు వదులైనా, కమాను మధ్య బోల్టు విరిగినా అదే చప్పుడు. ఒకరు బండిని పక్కలకు ఊపుతుంటే ఇంకొకరు షాకిల్ మీద చెయ్యి పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

## 2. షాకు బరువు మొయ్యదు

వెనక జనం ఎక్కితే బండి కూర్చుండిపోతోందని గట్టి షాకులు వేయించేవాళ్లు చాలామంది. బరువు మోసేది కమాను. గ్యాసు నింపిన షాకు రాడ్డును బయటికి కొద్దిగా తోస్తుంది కాబట్టి బండి కొద్ది మిల్లీమీటర్లు లేచినట్టు కనిపించవచ్చు, అంతే. కూర్చుండిపోయిన బండికి కమాను కట్ట సాగతీయించి వంపు పెట్టించాలి, లేదా కొత్త కట్ట వేయించాలి. ఆ పని ఉంటే ముందు అది చేయించి, నాలుగు వందల కిలోమీటర్లు నడిపి, కట్ట సర్దుకున్నాక షాకులకు కొలత తీసుకోండి. ఈ వరస తిరగబడితే షాకుల డబ్బు రెండుసార్లు పెడతారు.

## 3. కొలతలు: అసలు పని ఇక్కడుంది

సమమైన నేల మీద, మీరు మామూలుగా తీసుకెళ్లే సామానుతో బండిని నిలపండి. టేపు, పెన్ను, కాగితం. రెండు పక్కలా కొలవండి, రెండూ ఒకటే అనుకోకండి.

మొదటి కొలత, నిలిచిన పొడవు. షాకు పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య వరకు.

రెండో కొలత, పైకి ఎంత జాగా ఉంది. ఛాసీకి ఉన్న బంప్ స్టాప్ రబ్బరు (హౌసింగు ఛాసీకి కొట్టుకోకుండా ఆపే దిమ్మ) అడుగు నుంచి, హౌసింగు మీద అది తగిలే చోటి వరకు. రబ్బరు కూడా గట్టి దెబ్బకు కొంత నలుగుతుంది. దాని ఎత్తులో సగం నలుగుతుందని లెక్క వేసుకోండి. బంప్ స్టాపే ఊడిపోయి ఉంటే ముందు అది వేయించి, తర్వాత కొలవండి.

మూడో కొలత, కిందికి ఎంత వేలాడుతుంది. షాకు కింది బోల్టు తీసి, ఛాసీ కింద స్టాండ్లు పెట్టి హౌసింగును మెల్లగా వేలాడనివ్వాలి. పై బోల్టు నుంచి కింది బోల్టు చోటికి కొలవండి. ఇది చేస్తున్నంతసేపూ ఒక కన్ను బ్రేకు హోసు మీద ఉండాలి. అది తీగలా బిగుసుకుంటోందంటే అక్కడితో ఆపండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ అంకెలు లెక్క తెలియడానికే, మీ బండివి కావు.

- నిలిచిన పొడవు: 440 మి.మీ.
- బంప్ స్టాప్ ఖాళీ 70, రబ్బరు నలిగేది 20, మొత్తం 90.
- పూర్తిగా నొక్కుకున్నప్పుడు షాకుకు మిగిలే చోటు: 440 − 90 = 350 మి.మీ.
- దాంట్లోంచి భద్రతకు 15 తీసేస్తే 335. అంటే కొత్త షాకు ముడుచుకున్న పొడవు 335 లేదా అంతకంటే తక్కువ ఉండాలి.
- వేలాడినప్పటి పొడవు 520 వచ్చిందనుకుందాం. దానికి 10 కలిపితే 530. కొత్త షాకు పూర్తిగా సాగిన పొడవు కనీసం ఇంత ఉండాలి.

షాకు కాస్త ఏటవాలుగా ఉంటుంది కాబట్టి హౌసింగు 90 లేస్తే షాకు నిజానికి అంతకంటే తక్కువే ముడుచుకుంటుంది. ఆ లెక్క వదిలేసినా పొరపాటు మనకు మేలైన వైపే జరుగుతుంది. అయితే షాకు కింది బోల్టు బంప్ స్టాపు కంటే చక్రం వైపు జరిగి ఉంటే జాగ్రత్త. ఒక్క చక్రమే రాయెక్కినప్పుడు ఆ షాకు ఇంకొంచెం ఎక్కువ ముడుచుకుంటుంది. 15 బదులు 25 వదలండి.

ఇప్పుడు అందరూ బోల్తాపడే చోటు. కమాను మార్చి బండిని 50 మి.మీ. లేపారనుకోండి. నిలిచిన పొడవు 490 అవుతుంది, బంప్ స్టాప్ ఖాళీ కూడా 120 అవుతుంది. రబ్బరు 20 కలిపి తీసేస్తే? మళ్లీ అదే 350. బండి ఎంత లేపినా, బంప్ స్టాపును కిందికి దించకపోతే షాకు ముడుచుకోవలసిన పొడవు మారదు. కానీ "లేపిన బండికి పొడుగు షాకు" అని కొనేది సాధారణంగా ముడుచుకున్నప్పుడు కూడా పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే రింగులు, సీలు, పిస్టన్ ఆక్రమించే చోటు ఎక్కడికీ పోదు. 370కి ముడుచుకునే షాకు వేశారంటే, బంప్ స్టాపు పూర్తిగా నలగడానికి 20 మి.మీ. ముందే షాకు లోపల ఇనుముకు ఇనుము తగులుతుంది. బండి బరువంతా సుత్తి దెబ్బలా షాకు మీద పడుతుంది. లోపలి వాల్వు పోతుంది, లేదా ఛాసీ మీది పై బ్రాకెట్టు వెల్డింగుతో సహా చిరుగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

అలాంటి షాకే వేయాలంటే ఛాసీకీ బంప్ స్టాపుకూ మధ్య ఆ తేడా అంత మందం దిమ్మ (ఇక్కడ 370 − 335 = 35 మి.మీ.) వేయించి దాన్ని కిందికి దించండి. ఎత్తు పెంచే ముందు ఇంకో రెండు సంగతులు. కంపెనీ కొలతల నుంచి బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కట్టడి చేస్తుంది. అదీకాక, కొన్ని బండ్లకు వెనక హౌసింగుకు ఒక చిన్న లింకుతో కట్టిన బ్రేకు వాల్వు ఉంటుంది. బరువును బట్టి వెనక బ్రేకు ఎంత పడాలో అది నిర్ణయిస్తుంది. బండి లేస్తే దానికి వెనక బరువు లేదనిపిస్తుంది, వెనక బ్రేకు తగ్గిపోతుంది. ఆ లింకును సర్దించకుండా ఘాట్ దిగవద్దు.

కాయిల్ స్ప్రింగు బండ్లకు: మీ షాకే చాలాసార్లు హౌసింగు కిందికి జారకుండా పట్టి ఉంచే తాడు. కంపెనీ షాకు కంటే ఎక్కువ సాగేది వేస్తే స్ప్రింగు గిన్నెలోంచి జారిపోవచ్చు, బ్రేకు హోసు తెగవచ్చు. సాగిన పొడవు పెంచకండి.

## 4. ఏ రకం?

రెండు గొట్టాల నూనె షాకు. పాతకాలపు మామూలు రకం. చౌక, మెత్తగా ఉంటుంది. బయటి గొట్టానికి చిన్న సొట్ట పడినా లోపలి గొట్టం పని చేస్తూనే ఉంటుంది. లోపమేమంటే, గతుకుల మీద ఎక్కువసేపు వేగంగా పోతే నూనెలో గాలి కలిసి నురగ కడుతుంది. అప్పుడు పట్టు సడలుతుంది, చల్లారాక మళ్లీ మామూలు అవుతుంది.

రెండు గొట్టాల గ్యాసు షాకు. అదే నిర్మాణం, గాలి బదులు తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్. నురగ తగ్గుతుంది. వారంలో ఐదు రోజులు రోడ్డు మీద, నెలకోసారి మట్టి మీద తిరిగే జీపుకు నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే.

ఒంటి గొట్టం షాకు. ఒక్కటే గొట్టం, లోపల తేలే పిస్టన్, దాని వెనక ఎక్కువ ఒత్తిడి గ్యాసు. నూనె నేరుగా బయటి గోడకు తగిలి ఉంటుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. పట్టు గట్టిగా ఉంటుంది. కానీ బయటి గొట్టమే పిస్టన్ తిరిగే గొట్టం కూడా. రాయి తగిలి సొట్ట పడిందా, పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. షాకులు హౌసింగు కంటే కిందికి దిగి వేలాడే బండికి, రాళ్లలో తిరిగేవాళ్లకు ఇది ఆలోచించి వేయాల్సిన రకం.

గ్యాసు విడిగా నింపే బదులు లోపల నురుగు గుడ్డ లాంటి ఫోమ్ చుట్టి వచ్చే షాకులు కూడా ఉన్నాయి. ఫోమ్ గదుల్లో గ్యాసు బందీగా ఉంటుంది, నూనెతో కలవదు. బరువైన బండికి మంచివే. పక్కన నూనె, గ్యాసుకు వేరే సీసా తగిలించి వచ్చేవి ఎడారిలో గంటలకొద్దీ వేగంగా పోయేవాళ్లకు. వికారాబాద్ అడవి దారుల్లో మొదటి గేరులో పాకే బండికి అది అలంకారం. షాకును వేడెక్కించేది రాళ్లు కాదు, వేగం. మెల్లగా ఎక్కే బండ కంటే, అలలు అలలుగా ఉన్న కంకర రోడ్డు మీద యాభై వేగంతో అరగంట నడక షాకును ఎక్కువ కాలుస్తుంది.

గట్టిదనం గురించి ఒక మాట. గట్టిగా ఉంటే మంచి షాకని అనుకుంటారు. రాడ్డు బయటికి సాగే వైపు మరీ గట్టిగా ఉంటే, ఒక గతుకు దాటాక కమాను మళ్లీ విచ్చుకునేలోపే రెండో గతుకు వచ్చేస్తుంది. మూడు, నాలుగు గతుకులయ్యేసరికి బండి వెనక భాగం కిందికి కుంగి బంప్ స్టాపు మీద నడుస్తుంటుంది. వెనక అడ్డ సీట్లలో కూర్చున్నవాళ్ల నడుములు మీకు సంగతి చెప్తాయి. ఖాళీ జీపు వెనక భాగం చాలా తేలిక, మధ్యరకం పట్టు చాలు.

## 5. కొట్లో చూసుకోవాల్సినవి

- సాగిన పొడవు, ముడుచుకున్న పొడవు: అమ్మేవాళ్ల కాగితంలో చూడండి, వీలైతే అక్కడే టేపు పెట్టండి.
- రెండు చివరలు ఏ రకం: రింగా, పైన మర ఉన్న పిన్నా. రింగు అయితే బుష్ వెడల్పు, లోపలి రంధ్రం.
- జత. వెనక రెండూ ఒకేసారి, ఒకే రకానివి. ఒక్కటే మారిస్తే బండి ఒక పక్క గట్టిగా, ఒక పక్క సోమరిగా నడుస్తుంది.
- బుష్‌లు, వాషర్లు, కొత్త నట్లు డబ్బాలో ఉన్నాయా. నైలాన్ లాకు నట్టు ఒక్కసారికే, పాతది మళ్లీ వాడకూడదు.
- షాకు ఒంటికి కింద హౌసింగు, ఎగ్జాస్టు గొట్టం, టైరు తగలకుండా చోటుందా. లావు షాకులు ఇక్కడే ఇరుక్కుంటాయి.
- ముద్ర, ఎంఆర్పీ చీటీ, బిల్లు. నకిలీ సరుకు ఎక్కువ ఉన్న భాగాల్లో ఇదొకటి.

రాడ్డు పైకి ఉండేలా నిలబెట్టి చేత్తో నొక్కి లాగి చూడండి. దారి పొడవునా ఒకే పట్టు ఉండాలి. మధ్యలో "టక్" మని ఖాళీ తగిలిందంటే రెండు కారణాలు. ఒకటి, పడుకోబెట్టి నిల్వ ఉంచడం వల్ల గాలి చేరింది. దాన్ని ఎలా తీయాలో కింద చెప్తాను. రెండోది, లోపం.

## 6. ముందు రోజు సాయంత్రం

పని సగం ఇక్కడే అయిపోతుంది. నాలుగు బోల్టుల మీదా తీగ బ్రష్షుతో మట్టి, తుప్పు గీకండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదలండి, పడుకోబోయే ముందు ఇంకోసారి కొట్టండి. స్ప్రే లేకపోతే డీజిలు, కిరోసిన్ కూడా కొంత పని చేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం దగ్గరి ఊళ్ల బండ్లకు ఇది రెండు రాత్రులు చేసినా తప్పులేదు.

సిద్ధం చేసుకునే సామాను:

- 17, 19, 22 రింగు పానాలు, సాకెట్లు. ప్రతి సైజూ రెండు ఉండాలి: ఒకటి బోల్టుకు, ఒకటి నట్టుకు.
- పొడుగు హ్యాండిలు లేదా పానాకు తొడిగే గొట్టం.
- బాటిల్ జాకీ, ఛాసీ కింద పెట్టే స్టాండ్లు రెండు. ఇటుకలు, హాలో బ్రిక్స్ పనికిరావు, ఒక్కసారిగా పగిలిపోతాయి.
- టైర్లకు అడ్డం పెట్టే చెక్క దిమ్మలు నాలుగు.
- సుత్తి, ఇత్తడి కడ్డీ.
- టార్క్ రెంచి (ఎంత బిగువు పడిందో చూపే పానా). లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి.
- సిలికాన్ గ్రీజు. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.
- కళ్లద్దాలు. కింద పడుకుని పైకి చూస్తే తుప్పంతా కళ్లలోనే పడుతుంది.

## 7. బండిని నిలపడం

కమాను బండికి ఒక సుఖముంది. షాకు మార్చడానికి చక్రాలు లేపక్కర్లేదు, విప్పక్కర్లేదు. నాలుగు చక్రాలూ నేల మీద ఉండగానే పని జరుగుతుంది. హౌసింగును కమాను పట్టుకునే ఉంటుంది. కింద దూరడానికి చోటు చాలకపోతే సమమైన సిమెంటు నేల మీద వెనక చక్రాలు రెండూ గట్టి చెక్క పలకల మీదకు ఎక్కించండి.

జాకీతో లేపాల్సి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. హ్యాండ్ బ్రేకు ముందు చక్రాలను పట్టదు. వెనక లేపితే బండిని ఆపేది ఏమీ మిగలదు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, ఫోర్ బై ఫోర్ లివరు వేసి, గేరులో ఉంచండి. జిప్సీ లాగా ముందు చక్రాలకు చేత్తో తిప్పి లాకు చేసే హబ్బులుంటే అవి లాకులో ఉండాలి, లేకపోతే ఫోర్ బై ఫోర్ వేసినా ముందు చక్రాలు ఖాళీగానే తిరుగుతాయి.

కాయిల్ బండికి హౌసింగు కింద జాకీ ఆనించకుండా షాకు బోల్టు తీయకండి. తీసిన క్షణంలో హౌసింగు జారుతుంది.

## 8. పాతది విప్పడం

ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. రెండోది చూసి వాషర్ల వరస సరిచూసుకోవచ్చు. అయినా ముందు ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకోండి.

1. కింది నట్టు వదులు చేయండి, పూర్తిగా తీయకండి.
2. పై నట్టు వదులు చేయండి.
3. కింది బోల్టు తీయండి. బోల్టు రాకపోతే బరువు దాని మీద ఉందన్నమాట. జాకీతో హౌసింగును కొద్దిగా లేపో దించో చూడండి, ఒక చోట సులువుగా జారుతుంది.
4. గ్యాసు షాకయితే కింద వదిలిన వెంటనే తన్నుకుని సాగుతుంది. ముఖం దూరంగా పెట్టండి.
5. పై బోల్టు తీసి షాకు దించండి.
6. బ్రాకెట్లు గుడ్డతో తుడిచి, వెల్డింగు అంచుల్లో చీలిక ఉందేమో లైటు వేసి చూడండి. వెంట్రుకంత చీలిక ఉన్నా ముందు వెల్డింగు షెడ్డుకు వెళ్లండి.

నట్టు కదలకపోతే బలం పెంచే ముందు దిశ మార్చండి: కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ స్ప్రే. నట్టు చదునుల మీద సుత్తితో చుట్టూ చిన్న దెబ్బలు. అప్పటికీ రాకపోతే గ్రైండరుతో నట్టును చీల్చేయడమే మంచిది. పై పిన్ను ఛాసీకి వెల్డింగు చేసిన బండ్లలో మాత్రం తొందరపడొద్దు. ఆ పిన్ను విరిగితే రోజంతా పోతుంది. పెట్రోలు గొట్టం, బ్రేకు హోసు దగ్గర మంట పెట్టి నట్టు కాల్చే పని అసలు వద్దు.

## 9. కొత్త షాకులో గాలి తీయడం

ఇది చాలామంది వదిలేసే మెట్టు. వదిలేసి, మర్నాడు "కొత్తది కూడా డొక్కుదే" అని కొట్టుకెళ్లి గొడవపడతారు. రెండు గొట్టాల షాకులు గోదాములో నెలల తరబడి పడుకునే ఉంటాయి. గాలి పని చేసే గొట్టంలోకి చేరుతుంది.

1. షాకును, బండికి ఎలా ఉంటుందో అలా, నిలువుగా పట్టుకుని రాడ్డును మెల్లగా పూర్తిగా సాగదీయండి.
2. తలకిందులు చేయండి.
3. ఆ స్థితిలో మెల్లగా పూర్తిగా నొక్కండి.
4. మళ్లీ నిలువుగా తిప్పి సాగదీయండి.
5. నాలుగైదుసార్లు. "గుసగుస" ఆగి, పట్టు ఒకేలా వచ్చేవరకు.

ఆ తర్వాత బండికి ఎక్కించేవరకు మళ్లీ పడుకోబెట్టకండి, గోడకు ఆనించి నిలబెట్టండి. ఒంటి గొట్టం షాకుకు ఈ తంతు అక్కర్లేదు.

## 10. ఎక్కించడం, బిగించడం

పై చివర ముందు, కింది చివర తర్వాత. గ్యాసు షాకును ముడిచి ఉంచిన పట్టీని పై బోల్టు పడి, కింది రింగు బ్రాకెట్టుకు ఎదురుగా వచ్చేవరకు కోయకండి. కోశాక అది మెల్లగా సాగుతూ వస్తుంది, రంధ్రం ఎదురుగా వచ్చినప్పుడు బోల్టు దూర్చేయాలి. దాటిపోతే మళ్లీ నొక్కడం ఒక్కడి పని కాదు.

రెండు గొట్టాల షాకును తలకిందులుగా వేయకూడదు, రాడ్డు వైపు పైన ఉండాలి. బుష్ లోపలికి కొంచెం సిలికాన్ గ్రీజు. వాషర్ల పళ్లెం వైపు రబ్బరు మీదకు వచ్చేలా.

రాడ్డు తిరుగుతోందని పట్టకారుతో పట్టుకోవడం మహాపాపం. ఆ ఒక్క పంటి గీత నెల రోజుల్లో సీలును తినేస్తుంది. పిన్ను కొసన ఉన్న చదును దగ్గర చిన్న పానా పెట్టి పట్టుకోవాలి. పిన్ను నట్టుకు గాలి గన్ను కూడా వాడకండి. రాడ్డు గిర్రున తిరిగి లోపలి పిస్టన్ నట్టు వదులవుతుంది. పిన్ను రకానికి రబ్బరు ఉబ్బి వాషరు అంచుకు సమానంగా వస్తే చాలు. రొట్టెలా అణిగిపోయేదాకా తిప్పితే రబ్బరు చస్తుంది.

ఇక నా సొంత తప్పు. మొదటిసారి నా జీపుకు నేనే మార్చినప్పుడు చక్రాలు గాలిలో వేలాడుతుండగా నాలుగు బోల్టులూ బలంకొద్దీ బిగించాను. రెండు నెలలకు కింది బుష్‌లు చిరిగాయి. నాసిరకమని తిట్టుకుని మార్చాను, అవీ చిరిగాయి. ఒక ముసలి మేస్త్రీ కింద పడుకుని చూసి నవ్వాడు: "బరువు మీద బిగించాలి బాబూ, గాలిలో కాదు." బుష్ లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు బిగించిన చోటే పట్టేస్తుంది. ఆ తర్వాత తిరిగేదంతా రబ్బరు మెలితిరగడమే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే బతుకుతుంది. ఆపైన గతుకు కూడా వచ్చిందంటే చిరుగుతుంది.

కాబట్టి నట్లన్నీ చేతి బిగువు వరకే పెట్టి, బండి నాలుగు చక్రాల మీద నిలిచాక, వెనక ఇద్దరిని కూర్చోబెట్టి ఊపి దించాక, అప్పుడు టార్క్ రెంచి తీయండి.

ఎంత బిగువు? మీ బండి సర్వీసు పుస్తకం చెప్పిందే ఖాయం. అది దొరకనప్పుడు, తల మీద 8.8 అని ఉన్న ఇనుప బోల్టుకు, పొడి మర మీద, సాధారణ లెక్క ఇది: 10 మి.మీ. బోల్టుకు సుమారు 45–50 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. బోల్టుకు సుమారు 80–85. మరకు నూనె పూసి ఇదే లెక్క వాడితే బోల్టు మోతాదు మించి సాగుతుంది.

## 11. రోడ్డు మీదకు వెళ్లేముందు, వెళ్లాక

- వెనక ఒక చక్రాన్ని రాయి మీదకు మెల్లగా ఎక్కించి చూడండి: షాకు ఎక్కడైనా ముట్టుకుంటోందా, పూర్తిగా ముడుచుకోకముందే బంప్ స్టాపు తగులుతోందా. తొడుగు లేని షాకయితే రాడ్డుకు ఒక రబ్బరు రింగు చుట్టండి. ఎంతవరకు జరిగిందో అదే చూపిస్తుంది.
- అదే సమయంలో రెండో పక్క వేలాడుతున్న చక్రం దగ్గర బ్రేకు హోసు చూడండి.
- స్పీడ్ బ్రేకరు మీద 20 వేగంతో: వెనక ఒకసారి లేచి ఒకసారి దిగి ఆగాలి.
- 100 కిలోమీటర్ల తర్వాత, బండి చక్రాల మీదే ఉండగా, అన్ని బోల్టులూ మళ్లీ రెంచితో సరిచూడండి. నట్టు నుంచి బ్రాకెట్టు మీదకు పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, తర్వాత వదులైందో లేదో వంగి చూస్తే చాలు.

మారేడుమిల్లి, లంబసింగి ఘాట్లకు వెళ్లే ముందు రోజు రాత్రి షాకులు మార్చి పొద్దున్నే బయల్దేరకండి. ఆ 100 కిలోమీటర్లు ఊరి దగ్గరే పూర్తి చేయండి.

## 12. తర్వాత వచ్చే ఫిర్యాదులు

కొత్త షాకు వేశాక టకటక చప్పుడు. పదింటికి ఎనిమిది సార్లు వదులు నట్టు, లేదా బుష్ వెడల్పు చాలక రింగు పక్కలకు కొట్టుకోవడం. వాషరు చేర్చండి. మిగతా రెండు సార్లు, తీయని గాలి.

బండి మరీ గట్టిగా కొడుతోంది. ముందు టైరు గాలి చూడండి. మట్టి బాటకు దించాల్సిన గాలి దించకుండా షాకును తిట్టేవాళ్లే ఎక్కువ. గాలి సరిగ్గానే ఉంటే రాడ్డుకు కట్టిన రబ్బరు రింగు ఎక్కడుందో చూడండి. చివరిదాకా వెళ్లి ఉంటే షాకు పొడుగు, 3వ మెట్టుకు వెనక్కి.

ఒక పక్కకు ఒరిగింది. షాకు వల్ల కాదు. కమాను కట్ట ఒక పక్క కుంగింది.

ఒక్క షాకే మాటిమాటికీ కారుతోంది. ఆ పక్క బ్రాకెట్టు వంగి ఉంటుంది. పై బోల్టు, కింది బోల్టు ఒకే వరుసలో లేకపోతే రాడ్డు సీలును ఒక పక్కకు రాస్తూ నడుస్తుంది. బ్రాకెట్టు సరిచేయకుండా ఇంకెన్ని షాకులు మార్చినా కారతాయి.

వర్షాకాలం తర్వాత సీలు పోతోంది. రాడ్డు చుట్టూ గుడ్డ తొడుగు వేసి ఉంటే అందులో బురద నిలిచి సాన రాయిలా అరగదీస్తుంది. నేను తొడుగులు తీసేశాను. నీళ్లలోంచి వచ్చిన రోజే షాకులను నీళ్ల పైపుతో కడుగుతాను. సీలు మీదకు ప్రెషరు గన్ను మాత్రం పెట్టను.

పాత షాకులను పాత ఇనుముకు వేసేటప్పుడు గ్యాసువయితే ఆ సంగతి చెప్పి ఇవ్వండి. లోపల ఒత్తిడి ఉన్న గొట్టానికి కట్టరు మంట పెడితే పేలుతుంది.